చెన్నకేశవన్ చెక్క ఫిరంగి

మధురై పక్కనున్న తిరుమంగలం నుంచి దక్షిణంగా పోయే బండిబాట పక్కన, నల్లరేగడి చేల నడుమ ఒక చిన్న తెలుగు పల్లె ఉండేది. ఆ పల్లెలో చెన్నకేశవన్ అనే రైతు పత్తీ సజ్జా పండించుకుని బతికేవాడు. నలభై దాటిన మనిషి. ఎడమ దవడ మీద చెవి నుంచి గడ్డం దాకా పాత గాయపు మచ్చ ఉండేది. ఆ దెబ్బకు దవడ ఎముక వంకరగా అతుక్కుంది. అందువల్ల మాట కొంచెం ముద్దగా, ఆగి ఆగి వచ్చేది. నలుగురిలో మాట్లాడటం అతనికి ఇష్టం ఉండేది కాదు.

ఆ గాయం కుంపిణీ దండులో తగిలింది. కుంపిణీవాళ్ళు కడసారి మైసూరు మీదికి పోయిన ఏడు, ఫిరంగులు లాగే ఎద్దులను తోలడానికి ఈ పల్లె నుంచి తొమ్మిదిమంది పోయారు. వాళ్ళను జమచేసి తీసుకుపోయినవాడు కరుప్పయ్య మేస్త్రి. తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది తిరిగి వచ్చారు. రానివాడు నల్లసామి. అతను చెన్నకేశవన్ చిన్నప్పటి నేస్తం, పక్క చేను కాపు.

మేస్త్రి ముందుగా ఊరు చేరి, నల్లసామి కావేరిపురం కనమలో, కొండదారి మీద, దండు విడిచి పారిపోయాడని చెప్పాడు. తాను చూసినట్టే చెప్పి, దండులో రాసుకున్న జాబితాలోనూ అలాగే ఉందన్నాడు. చెన్నకేశవన్ గాయంతో రెండు నెలలు కనమ కింది పల్లెలో పడి ఉండి, ఆ తర్వాత ఊరు చేరాడు. నల్లసామి పారిపోలేదనీ, ఫిరంగితో పాటు లోయలో పడిపోయాడనీ చెప్పాడు. కాని తక్కినవాళ్ళు వేరే ఫిరంగుల దగ్గర ఉండటంతో చూసినవాళ్ళు లేరు, ఊరు అతని మాట నమ్మలేదు. నల్లసామి పని ఎద్దుల తల దగ్గర. ఎద్దుల దగ్గర ఉండాల్సిన మనిషి ఫిరంగి చక్రం వెనక్కి ఎందుకు పోయాడని అడిగితే, చెన్నకేశవన్ నేలచూపులు చూసి తెలియదనేవాడు. నేస్తం పరువు కాపాడటానికి కథ అల్లుతున్నాడని అందరూ అనుకున్నారు.

అలా పదేళ్ళు గడిచాయి. నల్లసామి పెళ్ళాం వీరమ్మాళ్ మెడలో తాళి అలాగే ఉంది. మొగుడు బతికే ఉన్నాడంటారు గనక తద్దినం పెట్టనివ్వలేదు. విడిచిపోయాడంటారు గనక పేరంటానికి పిలవలేదు. మరిది బాలకృష్ణన్‌తో కలిసి ఆమే సేద్యం చేసుకునేది. బండి కట్టేది, గుంటక తోలేది.

ఆ ఏడు మాశి నెలలో, కొబ్బరి ఎండుకురిడీలు అమ్ముకుంటూ తిరిగే వర్తకుడొకడు పొల్లాచ్చి సంతలో నల్లసామిలాంటి మనిషిని చూశానని చెప్పాడు. కుడిచేతికి ఆరువేళ్ళు ఉన్నాయన్నాడు. నల్లసామికీ ఆరువేళ్ళే. వీరమ్మాళ్ ఆ సాయంత్రమే చెన్నకేశవన్ ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"అన్నా, పొల్లాచ్చిలో ఉండేది ఆయనేనా?"

"కాదు చెల్లీ."

"అంత గట్టిగా ఎట్ల సెప్తావు?"

"వాడు కనమలో పడిపోయినాడు. నేను సూసినాను."

"సూసినావు, సరి. ఎద్దుల కాడ ఉండాల్సిన మనిషి ఎనక్కి ఏంటికి పోయినాడు? ఆ మాట అడిగితే మట్టుం నువ్వు నోరు తెరవవు."

మర్నాడు ఆమె బాలకృష్ణన్‌ను వెంటబెట్టుకుని బండి కట్టించింది. పొల్లాచ్చి చేరడానికి ఆరు రోజులు పట్టింది. అక్కడ ఆరువేళ్ళ మనిషి ఉన్నాడు గాని, అతను కొబ్బరి పీచు ఒలిచే పనివాడు. నల్లసామి కంటే పదేళ్ళు చిన్నవాడు. పరాయి ఆడది వచ్చి తన మొగుడి మొహం తేరిపార చూస్తుంటే అతని భార్య ఊరుకోలేదు. సంతలో నలుగురి ముందూ వీరమ్మాళ్‌ను నానా మాటలూ అంది. వీరమ్మాళ్ తిరిగి వచ్చాక ఎవరితోనూ ఆ సంగతి చెప్పలేదు. బాలకృష్ణన్ చెప్పాడు.

అది విన్న రాత్రి చెన్నకేశవన్ అన్నం ముట్టలేదు. వారం గడిచాక, పశువుల కొట్టంలో దాచిన తుమ్మ మొద్దులు బయటికి తీశాడు. నాగళ్ళు, బండి చక్రాలు బాగుచేసుకునే పనితనం అతనికి మొదటి నుంచీ ఉంది. మాటతో నమ్మించలేని దాన్ని కంటికి చూపిస్తే నమ్ముతారని అనుకున్నాడు. ఆ ఫిరంగిని చూస్తే అది ఎంత బరువో, కొండ ఎక్కుడులో ఎలా వెనక్కి జారుతుందో ఎవరికైనా అర్థమవుతుంది. తన నోటితో చెప్పాల్సిన మాట చెప్పకుండానే పని జరిగిపోతుందని కూడా ఎక్కడో ఆశ ఉంది.

ఎదురుగా పెట్టుకుని చూడటానికి ఫిరంగి లేదు, బొమ్మ లేదు. కాని నాలుగు నెలల పాటు దాన్ని రోజూ కడిగినవాడు, ఇరుసుకు ఆముదం పూసినవాడు, దాని నీడన పడుకున్నవాడు అతనే. కొలతలన్నీ ఒంటికి గుర్తున్నాయి. చక్రం పైఅంచు తన రొమ్ము దాకా వచ్చేది. గొట్టం మీద బోర్లా పడుకుంటే గడ్డం ఒక కొసనా మోకాళ్ళు ఇంకో కొసనా ఉండేవి. అసలు ఫిరంగికి మూర ఉన్నచోట తనది జాన ఉండేట్టు లెక్క పెట్టుకున్నాడు. అంటే సరిగ్గా సగం. ప్రతి కొలతనూ ముందు తన ఒంటి మీద వేసుకుని, తాటాకు మీద గీత గీసి, ఆకును రెండుగా మడిచి, ఆ తర్వాతే చెక్క కోసేవాడు.

మొదట చక్రాలు చేశాడు. ఒక్కో చక్రానికి నడుమ నుంచి అంచుకు పోయే పన్నెండు ఆకులు, అంచు చుట్టూ ఆరు వంపు ముక్కలు. మొదటి జత బండి చక్రాల్లా వచ్చింది. ఫిరంగి చక్రానికి ఆకులు నిటారుగా ఉండవు, నడుమ ఇరుసు దూరే కుంభం నుంచి బయటికి పళ్ళెంలా వాలి ఉంటాయి. ఆ వాలు తెలిసేదాకా మూడు జతలు పాడయ్యాయి. పాడైన చక్రాలను భార్య వళ్ళియమ్మాళ్ పొయ్యిలో పెట్టింది.

"ఇదో, మిమ్మల్నే. పత్తి పగిలి చేలో రాలిపోతా ఉండాది. ఇంత వయసులో బొమ్మలాటా?"

"సాయంత్రం మట్టుమే గదా చేసేది."

"సాయంత్రం అని సెప్పి మధ్యాన్నమే కొట్టంలో దూరుతారు."

ఆమె సణుగుడు కొన్నాళ్ళకు తగ్గింది. ఏడాది తిరిగేసరికి గొట్టానికి మెరుగు పెట్టే పని తనే తీసుకుంది. గొట్టాన్ని చెన్నకేశవన్ పూవరసు మానుతో, అంటే గంగరావి కర్రతో, చేశాడు. అది కంచు ఫిరంగిలా కనపడటానికి లక్కలో పసుపు కలిపి పట్టించి, ఎండుగడ్డితో రుద్దాలి. ఎర్రగా వస్తే చెన్నకేశవన్ ఒప్పుకునేవాడు కాదు. అసలుది పాత కంచు, ఆకుపచ్చ జీర ఉండేది. చివరికి కాకరాకు పసరు కలిపి ఆ రంగు సాధించింది వళ్ళియమ్మాళే.

గొట్టం నడుమ, ఎత్తడానికి వీలుగా, చేపల్లా వంగిన రెండు పిడులు ఉండేవి. వాటికి పొలుసులు కూడా చెక్కాడు. గొట్టం వెనక తెల్లవాళ్ళ అక్షరాలు ఉండేవి. చదవడం రాదు గాని ఆకారాలు గుర్తున్నాయి. ఒకటి గాలం, ఒకటి బోర్లించిన కుండ, ఒకటి విరిగిన కొడవలి. వాటిని అలాగే చెక్కాడు. కుడి చక్రంలో ఒక వంపు ముక్క బీటలు వారితే దండు కమ్మరి ఇనపపట్టీ వేశాడు. ఇక్కడా బాగున్న ముక్కను ఉలితో బీట వేయించి పట్టీ కొట్టాడు. గుండ్లపెట్టెలకు మూతలు తెరుచుకునేట్టు, ఇరుసు కింద వేలాడే నీళ్ళ బకెట్టుకు తాడు ఊగేట్టు చేశాడు. అంతా అయ్యాక, చక్రాలకు మెత్తటి ఎర్రమట్టి కావాలని తోచింది. రేగడి నల్లగా ఉంటుంది, కనమలో మట్టి ఎరుపు. దాని కోసం రెండు రోజులు నడిచి పోయి మూట కట్టుకొచ్చాడు.

ఒక్క వస్తువు మాత్రం చేయలేదు. ఎప్పుడు దాని వంతు వచ్చినా ఇంకేదో పని ముందేసుకునేవాడు.

రెండో ఏడు పంగుని నెలలో దాన్ని కొట్టం నుంచి వాకిట్లోకి దొర్లించాడు. నాలుగో రోజున తిరుమంగలం తాలూకా కచేరీ నుంచి ఒక బంట్రోతు వచ్చాడు. పాళెగాళ్ళ యుద్ధాలు ముగిసిన నాటి నుంచి ఆ జిల్లాలో ఆయుధం దాచడం పెద్ద నేరం. పల్లెలో ఫిరంగి ఉందని ఎవరో కచేరీ దాకా మోసేశారు. బంట్రోతు దూరంగా ఆగిపోయాడు. కాసేపు చూసి, దగ్గరికొచ్చి, కర్రతో గొట్టాన్ని తట్టాడు. చెక్క చప్పుడైంది. మూతి లోపల చెయ్యి పెట్టి చూశాడు. జానెడు లోతున తొర్ర ఆగిపోయింది.

"ఇది దేనికి?" అన్నాడు.

"సూడటానికి," అన్నాడు చెన్నకేశవన్.

బంట్రోతు చుట్టూ రెండుసార్లు తిరిగి, గుండ్లపెట్టె మూత తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచి మూశాడు. ఇది ఎప్పటికీ పేలకూడదని హెచ్చరించి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

బంట్రోతును చూడటానికి ఊరంతా మూగింది. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఒక్క మనిషి వాకిట్లో ఉండిపోయింది. వీరమ్మాళ్. ఫిరంగి పక్కన గొంతుక్కూర్చుని చక్రం ఆకుల మీద అరచెయ్యి పెట్టింది.

"అసలుది దీనికి ఇంతకింత ఉంటాదా?"

"ఎత్తుకి ఇంతకింత. బరువు ఎన్నింతలో సెప్పలేను. కంచు గదా."

"కనమ రొంబ ఎక్కుడా?"

"మన ఇంటి కప్పు వాలు ఉంటాది సూడు. కొన్ని చోట్ల అట్ల."

ఆమె చక్రాన్ని కొంచెం ముందుకూ వెనక్కీ దొర్లించింది. ఏళ్ళ తరబడి చెరువుగట్టు మీదికి బండి తోలిన మనిషి.

"గట్టెక్కేటప్పుడు ఎద్దులు నిలిచిపోతే నేను దిగి చక్రం కింద రాయి పెడతాను. ఇంత పెద్దదానికి ఏమి పెడతారన్నా? అన్నీ చేసినావు, అది మట్టుం లే."

చెన్నకేశవన్ అరుగు మీద కూర్చున్నాడు. ఆమె అతని మొహం చూసి, ఇంకేమీ అడగకుండా ఆగింది.

"దిమ్మ," అన్నాడు చివరికి. "తుమ్మ దిమ్మ. ముక్కోణంగా ఉంటాది. చక్రం ఎనకనే ఒక మనిషి దాన్ని మోసుకోని నడవాల. ఎద్దులు నిలిస్తే కింద పెట్టాల."

"ఆ మనిషి ఎవరు?"

"నేను."

వళ్ళియమ్మాళ్ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెకూ ఈ సంగతి తెలియదు. అతను ఆగి ఆగి చెప్పాడు. ఆ రోజు నీడలో నిలిచినప్పుడు దిమ్మ మీద తల పెట్టి కునుకు తీశాడు. మూడు రాత్రులుగా నిద్ర లేదు. నడవమని కేక వినపడగానే లేచి పరిగెత్తాడు. వంద అడుగులు పోయాక దిమ్మ మరిచిపోయానని తెలిసింది. మళ్ళీ దిగడానికి ఒళ్ళు రాలేదు. ఈసారి నిలిస్తే ఏదో ఒక రాయి దొరుకుతుందిలే అనుకున్నాడు. తర్వాతి మలుపులో ముందు జతలను కట్టిన మోకు తెగిపోయింది. ఫిరంగి వెనకటి జత ఎద్దులనూ లాక్కుంటూ కిందికి కదిలింది. ఆ జత నల్లసామిది.

"వాడు పక్కకి జరిగి ఉండచ్చు. జరగలే. దిమ్మ, దిమ్మ అని అరుస్తా చక్రం కాడికి వచ్చినాడు. నా చేతులు సూసినాడు. అప్పరం తనే బుజం ఆనించినాడు. తెగిన మోకు కొస నా దవడకి కొట్టింది. ఫిరంగి పక్కకి తిరిగి వాడితో పాటు లోయలోకి పోతా ఉంటే పడిన కాడి నుంచే సూసినాను. నేను లేచేసరికి అక్కడ ఏమీ లే. నా ఎనక బాటలో వేరే ఊళ్ళోళ్ళు ఇరవై మంది ఉండిరి, వాళ్ళు బతికినారు."

"ఆయన నా పేరు సెప్పినాడా?"

చెన్నకేశవన్‌కు అబద్ధం చెప్పాలనిపించింది. కాని చెప్పలేదు.

"లేదు చెల్లీ. అంత సేపు లే."

వీరమ్మాళ్ ఏడవలేదు. చక్రం మీద నుంచి చెయ్యి తీసి, అంటిన ఎర్రమట్టిని చూసుకుంది.

"పన్నెండేళ్ళు నేను మొగుడు విడిచిన దాన్ని అనిపించుకొంటిని. నువ్వు పక్క చేలోనే ఉంటివి."

"అవును."

"ఇది నాకి ఒకదానికి సెప్తే సాలదు. కళంలో సెప్పాల. అందరికీ."

మర్నాడు పొద్దున ఫిరంగిని నూర్పిడి కళానికి తీసుకుపోయారు. కళం పక్కన కొత్తగా పోసిన మట్టికట్ట ఉంది. చెన్నకేశవన్ దాన్ని కట్ట పైకి ఎక్కించి, మోకు బాలకృష్ణన్ చేతికిచ్చాడు. అప్పటికి బాలకృష్ణన్‌కు ఏమీ తెలియదు. తాను కిందికి దిగి చక్రం వెనక నిలబడి, "విడువు," అన్నాడు.

బాలకృష్ణన్ వెనకాడాడు. రెండోసారి చెప్పాక వదిలాడు. చెక్క ఫిరంగి, సగం కొలతది, నాలుగు బారల దూరం దొర్లి వచ్చింది. చెన్నకేశవన్ భుజం ఆనించాడు. అది అతన్ని వెల్లకిలా పడేసి, పైనుంచి పక్కకు ఒరిగి ఆగింది. భుజం ఎముక దగ్గర ఏదో చిట్లిన చప్పుడు ముందున్న వాళ్ళకు వినపడింది. ఇద్దరు పట్టి లేపారు. కూర్చోబెట్టబోతే వద్దన్నాడు. నిలబడే అంతా చెప్పాడు. మాట ముద్దగా వస్తున్నా ఆ రోజు అర్థం కానివాళ్ళు లేరు.

కరుప్పయ్య మేస్త్రి అప్పటికి ముసలివాడు. కర్ర ఊతంతో ముందుకొచ్చాడు.

"దిమ్మ మోయాల్సింది నువ్వేనా?"

"నేనే."

మేస్త్రి తల ఊపాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. "ఆ రాత్రి పద్దెనిమిది మంది పారిపోయినారు. పొద్దున పేర్లు పిలిస్తే పలకని వాళ్ళనంతా ఒక్కటిగా రాసేసినారు. వాళ్ళు రాసింది నేను ఊళ్ళో సెప్పినాను. నల్లసామి పోతా ఉంటే నేను సూడలే. సూసినట్టు సెప్పింది తప్పు."

బాలకృష్ణన్ మోకును నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ చెన్నకేశవన్‌తో మాట్లాడలేదు. పొలం గట్టు మీద ఎదురుపడితే చేలోకి దిగి నడిచేవాడు.

ఆ నెలలోనే వీరమ్మాళ్ మధురై పోయి, వైగై ఏట్లో నువ్వులూ నీళ్ళూ వదిలించి, తాళి తీసి వచ్చింది. చెన్నకేశవన్ తోడు వస్తానని వళ్ళియమ్మాళ్ చేత అడిగించాడు. వీరమ్మాళ్ వద్దంది. తిరిగి వచ్చాక ఫిరంగిని మాత్రం తన ఇంటికి పంపమంది. దాన్ని వసారాలో నిలిపింది. చుట్టుపక్కల పల్లెల నుంచి చూడటానికి వచ్చేవాళ్ళకు తనే కథ చెప్పేది. ఇదిగో ఇక్కడ భుజం పెట్టినాడు అని ఆకును తాకి చూపేది. చెన్నకేశవన్ పేరు వచ్చినచోట దాచేది కాదు, తిట్టేది కాదు.

చెన్నకేశవన్ భుజం ఎముక సరిగా అతకలేదు. నాగలి పట్టడం కష్టమై సేద్యం కొడుకుకు అప్పగించి, చక్రాల పనిలో పడ్డాడు. ఫిరంగి సంగతి తెలిసిన వాళ్ళు విరుదుపట్టి నుంచి కూడా బండి చక్రాలు చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతివాడికీ, చక్రాలతో పాటు, అడగకపోయినా ఒక తుమ్మ దిమ్మ చేసి ఇచ్చేవాడు. వీరమ్మాళ్ ఇంటి వైపు పోయేవాడు కాదు.

ఐదో ఏడు వానలకు ఫిరంగి ఎడమ చక్రానికి చెదలు పట్టాయి. వీరమ్మాళ్ కబురు పంపింది. అతను ఉలి, బాడిస తీసుకుని వెళ్ళాడు. మూడు రోజుల పని. మొదటి రెండు రోజులూ ఆమె మధ్యాహ్నం గంజి పెట్టి లోపలికి పోయింది. మూడో రోజు గంజి ముంత అక్కడ పెట్టి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"దండులో మీరు ఏమి తినేది?"

అతను ఉలి పక్కన పెట్టాడు. "బియ్యం ఇస్తా ఉండిరి. వాడికి బియ్యం సరిపడలే. సజ్జ కోసం యాడికి పోయినా ఎతుకుతా ఉండె."

"ఇంట్లో సజ్జ వండితే మొహం తిప్పుకునే మనిషి."

"అక్కడ అట్ల కాదు. ఈరోడు కాడ ఒక ముసలామె దగ్గిర సజ్జపిండి ఇప్పించుకొని తనే ముద్ద చేసినాడు. నీళ్ళు ఎక్కువ పోసేసి, గరిటెతో తాగాల్సి వచ్చింది. మా పెళ్ళాం ఇట్లనే చేస్తాది అని అందరికీ పోసినాడు."

వీరమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వని అతనికి తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

"నేను ఎప్పుడు చేసినాను అట్ల?" అంది. "ఇంకా ఏమి సెప్పినాడు నా గురించి? చక్రం అప్పరం చేద్దువు. ముందు సెప్పు."